వైర్‌లెస్ గేర్లకు మారాలనుకుంటున్నారా? పాత సైకిల్‌లో ఏవి నిలుస్తాయో ముందు చూడండి

వైర్‌లెస్ ఎలక్ట్రానిక్ గేర్ల గురించి అడిగేవారిలో ఎక్కువమంది మొదటి ప్రశ్న ఒకటే: "స్రామ్ మంచిదా, షిమానో మంచిదా?" సైకిల్ గేర్లు తయారుచేసే ఆ రెండు కంపెనీలవీ గేరు మార్చే పనిని చక్కగా చేస్తాయి. తొక్కేటప్పుడు వాటి మధ్య తెలిసే తేడా చాలా చిన్నది. వాటిని మీ సైకిల్‌కు బిగించబోయేటప్పుడు ఎదురయ్యే తేడా మాత్రం చాలా పెద్దది. వెనక డెరైలర్ (చైనును ఒక పళ్ళచక్రం మీంచి మరొకదాని మీదికి జరిపే భాగం) ఒక్కటి కొంటే సరిపోతుందనుకుని మొదలుపెట్టి, చివరికి క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), చైను, ఫ్రీహబ్, బ్రేకులు కూడా మార్చుకున్నవాళ్ళను చూశాను. అదే పనిని ఒక డెరైలర్, ఒక బటన్, ఒక బ్యాటరీతో ముగించినవాళ్ళనూ చూశాను. రెండోవాళ్ళు ఎక్కువ తెలివైనవాళ్ళేమీ కారు. వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్న సైకిల్ ఆ మార్పుకు అనుకూలించింది, అంతే.

అందుకే ఈ పోలికలో నేను వాడే కొలబద్ద ఒకటి: మార్పు పూర్తయ్యాక మీ పాత సైకిల్‌లోని భాగాలు ఎన్ని నిలుస్తాయి? ఎక్కువ నిలిపే మార్గమే ఎక్కువమందికి సరైన మార్గం. మిగిలినవన్నీ దాని తర్వాతే.

## ముందు కేబుల్‌ను అనుమానించండి

"గేర్లు సరిగా పడటం లేదు" అన్నదే మీ కారణమైతే, ఏదైనా కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చైను పెద్ద పళ్ళచక్రం నుంచి చిన్నదానికి దిగడానికి ఆలస్యం చేస్తోందా? పెద్దదానికి ఎక్కేటప్పుడు మాత్రం పరవాలేదా? అలాగైతే దోషం దాదాపు ఎప్పుడూ కేబుల్‌దే. ఎక్కించేటప్పుడు మన వేలి బలం కేబుల్‌ను లాగుతుంది. దించేటప్పుడు డెరైలర్‌లోని స్ప్రింగు ఒక్కటే లాగాలి. కేబుల్ గొట్టంలో తుప్పో, మట్టో, మెలికో ఉంటే ఆ స్ప్రింగు బలం చాలదు. కొత్త కేబుల్, కొత్త గొట్టం వేస్తే ఒక పూటలో తీరిపోయే ఇబ్బంది అది. దానికోసం మొత్తం గేర్ల వ్యవస్థను మార్చడం నాకు సబబుగా అనిపించదు.

రెండో అనుమానితుడు హ్యాంగర్. ఫ్రేముకూ వెనక డెరైలర్‌కూ మధ్య ఉండే ఆ చిన్న లోహపు ముక్క, సైకిల్ కుడివైపు పడితే ఇట్టే వంగుతుంది. నా మౌంటెన్ బైకుకు వైర్‌లెస్ డెరైలర్ బిగించిన మొదటి వారం, నడిమి గేర్లలో చైను కరకరలాడుతూనే ఉంది. యాప్ తెరిచి, సర్దుబాట్లు మార్చి, మళ్ళీ మొదటికి తెచ్చి రెండు సాయంత్రాలు గడిపాను. చివరికి కొలిచే పనిముట్టు పెట్టి చూస్తే హ్యాంగర్ లోపలికి వంగి ఉంది. పాత డెరైలర్‌తో ఉన్నప్పుడు కూడా అది వంగే ఉండి ఉంటుంది. సరిచేశాక చప్పుడు ఆగింది. మోటారు ఎంత కచ్చితంగా కదిలినా, అది నిలబడిన చోటు వంకరగా ఉంటే ఫలితమూ వంకరే. అరిగిన చైనుకూ, పళ్ళు అరిగిన క్యాసెట్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్న సైకిల్‌కు ఎలక్ట్రానిక్ గేర్లు నిజంగా ఇచ్చేవి వేరు. కేబుల్ లేదు కాబట్టి సాగడం లేదు, తుప్పు లేదు, బురదకు బిగుసుకుపోవడం లేదు. మొదటి రోజు పడినట్టే నెలల తర్వాత కూడా గేరు పడుతుంది. ఎత్తు ఎక్కుతూ అలసిపోయినప్పుడు కూడా వేలి తాకిడి చాలు. అన్నిటికంటే నా మనసుకు దగ్గరైన లాభం మరొకటి ఉంది. నా మిత్రుడొకరికి బొటనవేలి కీలు నొప్పి వల్ల కేబుల్ మీటను నొక్కడం కష్టమై, సైకిల్ దాదాపు వదిలేశారు. బటన్‌ను నొప్పి లేని చేతివైపుకు మార్చి పెట్టాక మళ్ళీ తొక్కుతున్నారు. కేబుల్ సైకిల్ మీద ఆ వీలు ఇంత తేలికగా దొరకదు. అలాంటి అవసరం ఉన్నవారు ఈ వ్యాసంలో నేను చెప్పే జాగ్రత్తలకు భయపడి వెనక్కి తగ్గవద్దు.

## మీ సైకిల్ దగ్గరికి వెళ్ళి చూడవలసినవి

హ్యాండిల్, బ్రేకులు. అన్నిటికంటే పెద్ద విభజన ఇక్కడే. అడ్డంగా తిన్నగా ఉండే హ్యాండిల్ మీద గేరు మీట వేరు, బ్రేకు మీట వేరు. గేరు మీట తీసి బటన్ పెడతారు, బ్రేకు జోలికి వెళ్ళనే వెళ్ళరు. రోడ్ సైకిళ్ళ వంపు హ్యాండిల్ మీద ఆ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. గేరు మారిస్తే బ్రేకు మీట కూడా మారుతుంది. అది హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పాలి, ద్రవం నింపాలి, గాలి బుడగలు తీయాలి. పైగా స్రామ్ రోడ్ బ్రేకులు డాట్ ద్రవంతో, షిమానో బ్రేకులు మినరల్ ఆయిల్‌తో పనిచేస్తాయి. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి సీళ్ళు పాడవుతాయి. అంటే షిమానో హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిల్‌ను స్రామ్‌కు మారిస్తే, చక్రం దగ్గర డిస్క్‌ను పట్టే కాలిపర్లు కూడా పోతాయి.

హ్యాంగర్ రకం. మీ ఫ్రేముకు యూడీహెచ్ అనే సార్వత్రిక హ్యాంగర్ ఉందా, లేక ఆ ఫ్రేముకే ప్రత్యేకమైనది ఉందా? యూడీహెచ్‌ను స్రామ్ 2019లో తెచ్చింది. అంతకుముందు తయారైన ఫ్రేములకు అది ఉండదు. ఆ తర్వాతి ఫ్రేముల్లోనూ అన్నిటికీ లేదు. తర్వాత అమర్చుకోవడానికి వీలైనదీ కాదు, అది ఫ్రేము ఆకారంలోనే ఉండాలి.

ఫ్రీహబ్. క్యాసెట్ ఎక్కి కూర్చునే వెనక చక్రపు భాగం ఇది. ఇందులో నాలుగు రకాలు చూస్తారు: షిమానో పాత పద్ధతి హెచ్‌జీ, షిమానో 12 గేర్ల మౌంటెన్ బైకుల మైక్రో స్ప్లైన్, స్రామ్ ఎక్స్‌డీ, రోడ్ సైకిళ్ళ ఎక్స్‌డీఆర్. ఎక్స్‌డీఆర్, ఎక్స్‌డీ కంటే 1.85 మిల్లీమీటర్లు పొడవు. అందుకే ఆ మందం రింగు ఒకటి వేస్తే ఎక్స్‌డీ క్యాసెట్ ఎక్స్‌డీఆర్ మీద కూర్చుంటుంది, తిరగేస్తే కుదరదు. హెచ్‌జీ మీద చిన్న పళ్ళచక్రం సాధారణంగా 11 పళ్ళ దగ్గర ఆగుతుంది. 10 పళ్ళతో మొదలయ్యే క్యాసెట్ కావాలంటే మిగతావాటిలో ఒకటి ఉండాలి. చాలా హబ్బులకు ఫ్రీహబ్ విడిగా దొరుకుతుంది కాబట్టి, ఇది ఎదురైనా చక్రం మొత్తం మార్చవలసిన పని పడకపోవచ్చు.

ముందు ఎన్ని పళ్ళచక్రాలు. ముందు ఒకటే ఉంటే పని సగం తగ్గుతుంది. రెండు ఉంటే ముందు డెరైలర్ కూడా ఎలక్ట్రానిక్ కావాలి, దానికి తగిన క్రాంకు (పెడళ్ళు బిగించే చేయి) కావాలి.

ఇవి సైకిల్ చెప్పే సమాధానాలు. మీరు చెప్పవలసినవి రెండే. రోజుల తరబడి విద్యుత్తు దొరకని చోట్ల తొక్కుతారా? డెరైలర్ రాయికి కొట్టుకుని పగిలితే, ఖరీదైన ఆ ఒక్క భాగాన్ని మళ్ళీ కొనగలరా? మౌంటెన్ బైకర్లు రెండో ప్రశ్నను దాటవేస్తుంటారు. నేలకు అతి దగ్గరగా, బయటికి పొడుచుకుని ఉండే భాగంలోనే ఈ పద్ధతిలో మోటారూ బ్యాటరీ పెడతారని గుర్తుంచుకోవాలి.

## తిన్నని హ్యాండిల్ ఉన్నవారికి

### హ్యాంగర్ మీద బిగించే ఈగల్ ఏఎక్స్‌ఎస్

ఇప్పటికే స్రామ్ ఈగల్ అనే 12 గేర్ల మౌంటెన్ బైకు కేబుల్ వ్యవస్థ ఉన్నవారికి ఇంతకంటే తేలికైన మార్పు లేదు. ఏఎక్స్‌ఎస్ అన్నది స్రామ్ వైర్‌లెస్ గేర్ల పేరు. 2019లో పై శ్రేణి ఈగల్ ఏఎక్స్‌ఎస్ వచ్చింది. 2021లో వచ్చిన జీఎక్స్ ఈగల్ ఏఎక్స్‌ఎస్‌ను అప్‌గ్రేడ్ కిట్‌గా కూడా అమ్మారు: డెరైలర్, కంట్రోలర్, బ్యాటరీ, ఛార్జర్. మీ ఈగల్ క్యాసెట్, ఈగల్ చైను, క్రాంకు అలాగే ఉంటాయి. 11-50 పళ్ళ చవక క్యాసెట్ హెచ్‌జీ ఫ్రీహబ్ మీద ఉన్నా ఇది పనిచేస్తుంది. పాత కేబుల్ లాగేసి, ఫ్రేములోని రంధ్రాలు మూసి, రెండు భాగాలు బిగిస్తే ఒక మధ్యాహ్నంలో పని అయిపోతుంది.

నేను ఎంచుకున్నది ఇదే. నా ఫ్రేముకు యూడీహెచ్ లేదు, క్యాసెట్ ఇంకా కొత్తది. దెబ్బ తగిలితే డెరైలర్ లోపలి క్లచ్ మోటారు గేర్లను విడిపించి, తర్వాత తన స్థానానికి తానే వస్తుంది. ఈ ఏర్పాటు నన్ను రెండుసార్లు కాపాడింది. హ్యాంగర్ మాత్రం వంగుతూనే ఉంటుంది, ఆ బెడద దీనితో తీరదు.

### ట్రాన్స్‌మిషన్

2023లో స్రామ్ తెచ్చిన ట్రాన్స్‌మిషన్ ఆ బెడదనే తీసేసింది. ఇందులో హ్యాంగర్ లేదు. డెరైలర్ ఫ్రేమును రెండు వైపులా పట్టుకుని ఇరుసు మీదే బిగుస్తుంది. హద్దులు సరిచేసే మరలు కూడా లేవు. అన్ని కొలతలూ ఇరుసు నుంచే మొదలవుతాయి కాబట్టి వాటి అవసరం లేకుండా పోయింది. ఎత్తు ఎక్కుతూ పూర్తి బలంతో తొక్కుతుండగా గేరు మార్చినా చైను తడబడదు. ఈ ఒక్క విషయంలో దీనికి సాటి వచ్చేది తక్కువ.

దాని వెల మాత్రం డబ్బు ఒక్కటే కాదు. యూడీహెచ్ ఫ్రేము తప్పనిసరి. ట్రాన్స్‌మిషన్‌కే చెందిన క్యాసెట్, చైను కావాలి, ముందు పళ్ళచక్రం 55 మిల్లీమీటర్ల చైన్‌లైన్‌కు, అంటే ఫ్రేము నడిమి గీత నుంచి దానికి ఉండే దూరానికి, సరిపోవాలి. పాత ఈగల్ క్యాసెట్‌తో దీని డెరైలర్ పనిచేయదు, దీని క్యాసెట్‌తో పాత డెరైలర్ పనిచేయదు. నా కొలబద్దతో చూస్తే పాత భాగాల్లో దాదాపు ఏదీ నిలవదు. క్యాసెట్, చైను, ముందు పళ్ళచక్రం మూడూ ఒకేసారి అరిగిపోయినవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఎలాగూ కొనవలసినవే కాబట్టి ఇదే మంచి సమయం. యూడీహెచ్ ఉండి, బ్యాటరీ మీద మనసు లేనివారికి ఇంకో దారి కూడా ఉంది. ఇదే హ్యాంగర్ లేని డెరైలర్‌ను స్రామ్ 2025లో కేబుల్‌తో పనిచేసేలా కూడా తెచ్చింది.

### షిమానో వైర్‌లెస్ డీఐ2

మౌంటెన్ బైకు డెరైలర్‌లోనే బ్యాటరీ పెట్టి, వైరు అసలు లేకుండా చేసిన ఎక్స్‌టీఆర్ డీఐ2ను షిమానో 2025లో తెచ్చింది. డీఐ2 అన్నది షిమానో ఎలక్ట్రానిక్ గేర్ల పేరు. ఎక్స్‌టీ, డియోర్ శ్రేణులూ అదే ఏడాది వచ్చాయి. ఇప్పటికే షిమానో 12 గేర్లతో, మైక్రో స్ప్లైన్ చక్రంతో ఉన్నవారు చూడవలసింది ఇదే. ఈగల్ వాడేవారికి హ్యాంగర్ మీద బిగించే ఏఎక్స్‌ఎస్ ఎలాగో, వీరికి ఇది అలాగ.

## వంపు హ్యాండిల్ ఉన్నవారికి

రోడ్ సైకిళ్ళ సంగతి మరింత జాగ్రత్త కోరుతుంది, అందుకే ఇక్కడ కాస్త నిదానిస్తాను.

వైరు లేకుండా గేరు మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన మావిక్ 1999లోనే మెక్‌ట్రానిక్ పేరుతో వెనక డెరైలర్‌కు వైర్‌లెస్ సంకేతం పంపింది. గేరు మార్చే బలాన్ని అది డెరైలర్ చిన్న చక్రాల తిరుగుడు నుంచి తీసుకునేది. అది నిలదొక్కుకోలేదు. 2015లో స్రామ్ రెడ్ ఈట్యాప్ వచ్చాకనే రోడ్ సైకిళ్ళలో ఈ పద్ధతి స్థిరపడింది. ఆ తొలి ఈట్యాప్‌లో వెనక 11 గేర్లు. 2019 నుంచి వచ్చిన 12 గేర్ల ఏఎక్స్‌ఎస్‌తో అది కలవదు. పాతదాన్ని వాడిన ధరకు కొనేవారు ఈ గీతను మరవకూడదు.

### స్రామ్ ఏఎక్స్‌ఎస్

రెడ్, ఫోర్స్, రైవల్, అపెక్స్ అనే మెట్లు ఉన్నాయి. 2021లో వచ్చిన రైవల్, 2023లో వచ్చిన అపెక్స్ వల్లే ఇది మామూలు కొనుగోలుదారు దాకా వచ్చింది. ఒక్కో డెరైలర్ మీద దాని బ్యాటరీ దానికే ఉంటుంది. ఫ్రేము లోపల వైరు ఒక్కటి కూడా ఉండదు. కేబుల్ కోసం మాత్రమే చేసిన పాత ఫ్రేముకు ఇది పెద్ద వరం, ఎందుకంటే దేన్నీ లోపలికి దూర్చవలసిన పని లేదు.

మీటల పద్ధతి కూడా వేరు. కుడి మీట బరువు గేరుకు, ఎడమ మీట తేలిక గేరుకు, రెండూ కలిపి నొక్కితే ముందు పళ్ళచక్రం మారుతుంది. ఒక్క రోజులో అలవాటయ్యే పద్ధతి ఇది. చలికి మందపాటి చేతి తొడుగులు వేసుకునేవారు దీన్ని ఎంత ఇష్టపడతారో చెప్పలేను.

నష్టాలు వెనక చక్రం దగ్గర మొదలవుతాయి. స్రామ్ 12 గేర్ల రోడ్ క్యాసెట్లు ఎక్కువగా 10 పళ్ళతో మొదలై ఎక్స్‌డీఆర్ అడుగుతాయి. పైభాగం చదునుగా ఉండే ప్రత్యేక చైనుకు తగిన ముందు పళ్ళచక్రాలు కావాలి. ముందు ఒకటే పళ్ళచక్రం ఉన్న గ్రావెల్ (మట్టి, కంకర దారుల) సైకిల్‌కు మాత్రం అపెక్స్‌లో చక్కని వెసులుబాటు ఉంది. దాని 11-44 క్యాసెట్ హెచ్‌జీ మీదే కూర్చుంటుంది, పాత చక్రం నిలుస్తుంది. ఈ సంగతి చాలామంది దృష్టికి రాదు.

2024లో రెడ్‌తో మొదలై, తర్వాత ఫోర్స్‌కూ రైవల్‌కూ వచ్చిన 13 గేర్ల గ్రావెల్ డెరైలర్ ఇరుసు మీద బిగించేది. మళ్ళీ యూడీహెచ్ ప్రశ్న వస్తుంది. ఉన్న సైకిల్‌ను మార్చేవారికి నేను దాన్ని సూచించను, కొత్త ఫ్రేము కొనేటప్పుడు ఆలోచించవచ్చు.

### షిమానో 12 గేర్ల డీఐ2

2021లో డ్యురా-ఏస్, అల్టెగ్రాతోనూ, 2022లో 105తోనూ వచ్చిన ఈ వ్యవస్థను వైర్‌లెస్ అనడం సగమే నిజం. మీటల నుంచి సంకేతం గాలిలో వెళుతుంది. రెండు డెరైలర్లూ మాత్రం వైర్లతో సీటు గొట్టంలోని ఒకే బ్యాటరీకి కలుస్తాయి. అంటే ఫ్రేములో వైరుకు దారి ఉండాలి, సీటు గొట్టంలో బ్యాటరీకి చోటుండాలి. వైరు లాగడం ఓపిక పరీక్షించే పని, కానీ ఒక్కసారి చేసే పని.

దీనికి బదులుగా మీకు దొరికేది చక్రాలు. షిమానో 12 గేర్ల రోడ్ క్యాసెట్లు పాత 11 గేర్ల హెచ్‌జీ ఫ్రీహబ్ మీద కూర్చుంటాయి. ఇంట్లో రెండు మూడు జతల చక్రాలున్నవారికి ఈ ఒక్క వాక్యమే నిర్ణయాన్ని తేల్చేస్తుంది. బ్రేకు ద్రవం మారదు కాబట్టి, షిమానో హైడ్రాలిక్ వాడేవారికి ఆ వైపు కూడా గొడవ తక్కువ. ముందు పళ్ళచక్రం మార్చే వేగంలో, ఎంత బలంతో తొక్కుతున్నా చైనును తడబడకుండా ఎక్కించడంలో దీనిదే పైచేయి అని నా అభిప్రాయం.

సాధారణ రిమ్ బ్రేకులు వాడేవారికి ఒక మాట. 105 డీఐ2, రైవల్, అపెక్స్ ఎలక్ట్రానిక్ మీటలు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకే. డిస్క్ బ్రేకులకు చోటు లేని ఫ్రేము ఉంటే చవక మెట్లు మీకు మూసుకుపోయినట్టే. ఫోర్స్, రెడ్ వంటి పై మెట్లలో వచ్చిన రిమ్ బ్రేకు మీటలు వెతకాలి. అంత వెతుకులాట కంటే, మంచి కేబుల్ వేసుకుని ఆ సైకిల్‌ను హాయిగా తొక్కమనే నేను చెబుతాను.

2023లో కాంపాగ్నోలో తెచ్చిన సూపర్ రికార్డ్ వైర్‌లెస్ అందమైనది, పనితనం గొప్పది. కానీ ఉన్న సైకిల్‌ను మార్చడానికి వెళ్ళవలసిన దారి అది కాదు, దాన్ని కోరుకునేవారు దానికోసమే సైకిల్ కట్టుకుంటారు.

### రెండు లోకాల కలయిక

వంపు హ్యాండిల్ మీద ఏఎక్స్‌ఎస్ రోడ్ మీటలు, వెనక ఈగల్ ఏఎక్స్‌ఎస్ మౌంటెన్ డెరైలర్, 10-50 లేదా 10-52 క్యాసెట్, ముందు ఒకటే పళ్ళచక్రం. కేబుల్ కాలంలో రోడ్ మీట లాగే పొడవు మౌంటెన్ డెరైలర్‌కు సరిపడక ఇది తలనొప్పిగా ఉండేది. సంకేతానికి పొడవు లేదు కాబట్టి ఇప్పుడు సులువుగా కలుస్తుంది. సామాను కట్టుకుని కొండదారుల్లో తిరిగేవారికి ఇంతకంటే మంచి గేర్ల వరుస నాకు తెలియదు. గేరుకూ గేరుకూ మధ్య అంతరం ఎక్కువ కాబట్టి, చదును రోడ్డు మీద గుంపుగా వేగంగా తొక్కేవారికి ఇది నచ్చదు.

## పేరున్న జంటను దాటి

చైనాకు చెందిన వీల్‌టాప్ ఈడీఎస్ పూర్తి వైర్‌లెస్. ఎన్ని గేర్లున్నాయో, ఒక్కో పళ్ళచక్రం దగ్గర డెరైలర్ ఎక్కడ నిలవాలో యాప్‌లో మనమే నిర్ణయించవచ్చు. ఉన్న క్యాసెట్‌ను, అది పాత 10 లేదా 11 గేర్లదైనా, నిలుపుకోవడానికి ఇంత స్వేచ్ఛ పెద్ద కంపెనీలు ఇవ్వవు. ఎల్-టూ తెచ్చిన ఈఆర్ఎక్స్ మాత్రం షిమానో రోడ్ పద్ధతిలోనే మీటల దగ్గర వైర్‌లెస్, డెరైలర్ల దగ్గర వైరు. స్వయంగా సర్దుబాటు చేసుకునే ఓపిక, కొంత సాంకేతిక ధైర్యం ఉన్నవారికే వీటిని చెబుతాను. విడిభాగాలు దొరికే తీరు మీ దగ్గరి మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

మరో దారి నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తుంది. ఆర్చర్ కాంపొనెంట్స్ వారి డీ1ఎక్స్ డెరైలర్‌ను మార్చదు. వెనక చక్రం పక్కన సాగే ఫ్రేము గొట్టానికి ఒక చిన్న మోటారు పెట్టె బిగుస్తుంది. అందులోంచి పొట్టి కేబుల్ మీ పాత డెరైలర్‌ను లాగుతుంది, హ్యాండిల్ మీది బటన్ దానికి వైర్‌లెస్‌గా ఆజ్ఞ ఇస్తుంది. నా కొలబద్దతో చూస్తే దీనికి పోటీయే లేదు, పోయేది గేరు మీట ఒక్కటే. రాయి తగిలి డెరైలర్ విరిగినా, మామూలు కేబుల్ డెరైలర్ కొని పెట్టుకుంటే చాలు. ఫ్రేము గొట్టం మీద ఆ పెట్టె కనిపించడం, చివరి కొంత కేబుల్ మిగిలిపోవడం దీని లోటు. చేతి నొప్పి వల్ల బటన్ కావాలనుకునేవారు దీన్ని తప్పక పరిశీలించాలి.

## ఒక్క చూపులో

| మార్గం | నిలిచేవి | తప్పక మారేవి | ముందు చూడవలసిన చోటు |
|---|---|---|---|
| హ్యాంగర్ ఈగల్ ఏఎక్స్‌ఎస్ | ఈగల్ క్యాసెట్, చైను, క్రాంకు, బ్రేకులు | డెరైలర్, మీట | ఇప్పుడున్నది ఈగల్ 12 గేర్లేనా |
| ట్రాన్స్‌మిషన్ | బ్రేకులు, చక్రాలు | డెరైలర్, మీట, క్యాసెట్, చైను, ముందు పళ్ళచక్రం | యూడీహెచ్, ఎక్స్‌డీ |
| షిమానో మౌంటెన్ డీఐ2 | షిమానో 12 గేర్ల క్యాసెట్, బ్రేకులు | డెరైలర్, మీట | మైక్రో స్ప్లైన్ |
| స్రామ్ రోడ్ ఏఎక్స్‌ఎస్ | ఫ్రేము ఏదైనా సరే | మీటలు, డెరైలర్లు, క్యాసెట్, చైను, ఎక్కువసార్లు బ్రేకులు, ఫ్రీహబ్ | బ్రేకు ద్రవం, ఎక్స్‌డీఆర్ |
| షిమానో రోడ్ డీఐ2 | 11 గేర్ల హెచ్‌జీ చక్రాలు | మీటలు, డెరైలర్లు, క్యాసెట్, చైను | వైరు దారి, సీటు గొట్టం |
| వీల్‌టాప్ ఈడీఎస్ | క్యాసెట్, చైను | డెరైలర్లు, మీటలు | విడిభాగాల లభ్యత |
| ఆర్చర్ డీ1ఎక్స్ | గేరు మీట తప్ప అన్నీ | మీట | పెట్టె బిగించే చోటు |

## బ్యాటరీతో కాపురం

తయారీదారు లెక్క ప్రకారం ఏఎక్స్‌ఎస్ రోడ్ డెరైలర్ ఒక ఛార్జింగ్‌కు సుమారు 60 గంటలు, ఈగల్ ఏఎక్స్‌ఎస్ సుమారు 20 గంటలు పనిచేస్తాయి. మౌంటెన్ బైకులో గేర్లు ఎక్కువగా మారుస్తాం, డెరైలర్ పొడవైన దూరం కదలాలి, అందుకే ఆ తేడా. ఛార్జింగ్‌కు గంట చాలు. బటన్లలోని సీఆర్2032 నాణెం బ్యాటరీ రెండేళ్ళ దాకా వస్తుంది. షిమానో రోడ్ డీఐ2కు ఒక ఛార్జింగ్‌తో సుమారు 1000 కిలోమీటర్లు.

అంకెలకంటే ముఖ్యం, దారిలో ఛార్జింగ్ అయిపోయినప్పుడు ఏమవుతుందన్నది. స్రామ్ బ్యాటరీలు ముందూ వెనకా ఒకటే కాబట్టి, రెండు డెరైలర్లున్నవారు ముందుదాన్ని తీసి వెనక పెట్టుకుని ఇల్లు చేరవచ్చు. ఒకటే ఉన్నవారు జేబులో ఇంకొకటి పెట్టుకోవాలి, దాని బరువు 25 గ్రాముల లోపే. షిమానోలో బ్యాటరీ తగ్గినప్పుడు ముందు డెరైలర్ మొదట ఆగుతుంది, వెనకది ఇంకాస్త దూరం సాగుతుంది. అది హెచ్చరిక. పట్టించుకోకుండా తొక్కితే వెనకది కూడా ఆగుతుంది, సీటు గొట్టంలోని బ్యాటరీని దారిలో మార్చడం కుదరదు.

ఏఎక్స్‌ఎస్ డెరైలర్ కదలికను గుర్తించి మేలుకుంటుంది. కారు వెనక కట్టి సుదూరం తీసుకెళితే, దారి పొడవునా కుదుపులకు మేలుకునే ఉంటుంది. దిగాక చూస్తే ఛార్జింగ్ తగ్గిపోయి ఉండవచ్చు. ప్రయాణానికి ముందు బ్యాటరీ తీసి, దాని మూత పెట్టండి. విమానంలో అయితే విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

ఫర్మ్‌వేర్ (ఈ భాగాలను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) కూడా నిర్వహణలో భాగమే. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో షిమానో డీఐ2 సంకేతాన్ని పట్టి, మళ్ళీ ప్రసారం చేసి, దూరం నుంచే మరొకరి గేరు మార్చి చూపించారు. షిమానో దానికి సవరణ విడుదల చేసింది. రోజువారీ తొక్కేవారికి అది భయపడవలసిన విషయం కాదు. కానీ వాడిన వ్యవస్థను కొన్నవారు మొదటి రోజే అప్‌డేట్ చేయాలనడానికి అది చాలిన కారణం.

## ఎవరికి ఏది

కేబుల్ ఈగల్ ఉన్న మౌంటెన్ బైకర్‌కు హ్యాంగర్ ఏఎక్స్‌ఎస్. ఇందులో నాకు సందేహం లేదు. షిమానో 11 గేర్లతో, హైడ్రాలిక్ బ్రేకులతో, వైరుకు దారి ఉన్న ఫ్రేముతో ఉన్న రోడ్ సైక్లిస్టుకు 105 డీఐ2. అదే సైక్లిస్టు ఫ్రేములో వైరుకు దారి లేకపోతే రైవల్, కానీ కాలిపర్లనూ ఫ్రీహబ్‌నూ లెక్కలో కలుపుకుని నిర్ణయించుకోవాలి. ఆ మొత్తం చూశాక కొత్త సైకిల్ ధరలో పెద్ద వాటాగా కనిపిస్తే, ఆగి ఆలోచించడం మంచిది. ఎలక్ట్రానిక్ గేర్లతోనే వచ్చే సైకిల్ కొని, పాతదాన్ని ఎవరికైనా ఇవ్వడం కొన్నిసార్లు మేలైన మార్పు.

నెలల తరబడి దూరదేశాల్లో తిరిగే యాత్రికుడికి నేను కేబుల్‌నే చెబుతాను. తెగిన కేబుల్‌ను ఏ ఊళ్ళోనైనా మార్చవచ్చు, కాలిపోయిన మోటారును మార్చలేం. రోజూ పనికి వెళ్ళివచ్చేవారికి కూడా అంతే, సైకిల్‌ను బయట నిలిపి వెళ్ళేవారికి మరీ ముఖ్యంగా. పెద్ద వయసు వల్లో గాయం వల్లో చేతిలో పట్టు తగ్గినవారి విషయంలో మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. వారికి ఏ మార్గం తేలికగా అమరితే అదే సరైనది, ఖర్చు రెండో మాట.

బిగించేటప్పుడు ఒక క్రమం పాటించండి. డెరైలర్‌ను సైకిల్‌కు ఎక్కించక ముందే బల్ల మీద పెట్టి బటన్‌తో జత చేసి, కదులుతోందో లేదో చూడండి. చైను పొడవు పాతదాన్ని చూసి కత్తిరించవద్దు, కొత్త డెరైలర్ కొలత వేరు. వెనక సస్పెన్షన్ ఉన్న సైకిల్ మీద హ్యాంగర్ ఈగల్ బిగిస్తే, పై చిన్న చక్రానికీ పెద్ద పళ్ళచక్రానికీ మధ్య ఖాళీని, మీరు కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత దిగుతుందో అంత దిగిన స్థితిలోనే కొలవాలి. స్టాండు మీద కొలిస్తే ఆ అంకె తప్పు. తీసేసిన కేబుల్ మీట, పాత డెరైలర్ పారేయకండి, కొత్త డెరైలర్ మరమ్మతుకు వెళ్ళిన వారాల్లో అవే మిమ్మల్ని రోడ్డు మీదికి తెస్తాయి. మొదటిసారి బయటికి వెళ్ళినప్పుడు ఒక్కో గేరులో నిదానంగా తొక్కుతూ చప్పుడు వినండి. బటన్ల నుంచే చేసే సన్న సర్దుబాటును రెండు మూడు మెట్లు జరిపితే ఆ చప్పుడు ఆగాలి. ఆగకపోతే యాప్ మూసేసి, హ్యాంగర్‌ను కొలవండి.